శుక్రవారం మేత ముట్టని ఎలుకలు

ఎలుక మేత ముట్టకూడదని నేను ఒకసారి దేవుడికి మొక్కుకున్నాను. నవ్వకండి. పరిశోధనకు ఎలుకలను పెంచే యానిమల్ హౌస్‌లో పని చేసిన మనిషికి ఎలుకలు కడుపునిండా తింటేనే సంతోషం. పొద్దున బోను దగ్గరికి పోతూనే ముందు చూసేది గిన్నె ఖాళీ అయిందా లేదా అనే. అట్లాంటి నేనే రోడ్డు మీద టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, కొంగు పిడికిట్లో బిగబట్టుకుని, ‘తినొద్దు తల్లీ, ఈ ఒక్క రోజూ తినొద్దు’ అని వేడుకున్నాను. కొత్తగా ఆ పనిలో చేరే పిల్లలు ఈ కథ వింటే మంచిది. వినకపోయినా, చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది.

మాది మద్రాసులో రాయపురం. తాతల కాలం నుంచీ ఈడే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నా చదువు ఐదో తరగతితో సరి. నా మొగుడు హార్బర్‌లో మూటలు మోసేవాడు. నేను కోడంబాక్కం పక్క ఒక పరిశోధన సంస్థలో పని చేసినాను. దాని పేరు ఎందుకులెండి. మొదట ఊడ్చే పనికి చేరినాను. ఎలుకలంటే మిగతా ఆడవాళ్ళు కెవ్వుమనేవాళ్ళు, నేను అనలేదు. అంతే, నన్ను ఎలుకల పనికి వేసేసినారు. రాయపురంలో రైలెక్కి, బీచ్ స్టేషన్‌లో మారి, తెల్లారేసరికి పనిలో ఉండేదాన్ని. బోనుల్లో ఊక మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, మేత పెట్టడం. తెల్ల ఎలుకలు, ఎర్ర కళ్ళు. చేతిలోకి తీసుకుంటే అరచెయ్యి వెచ్చగా అయ్యేది.

ఆ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమంటే, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంట్లో మా అత్త ఉంది. ఆమెకు కళ్ళు పోయినాయి. పొద్దున నేను పెట్టిపోయిన గంజి తాగి, నేను వచ్చేదాకా గడపలో కూర్చుని ఉంటుంది. నేను పోయి అన్నం కలిపి చేతికి పెట్టాలి. కళ్ళు చేయాల్సిన పని ఆమెకు ముక్కు చేసేది. నా మొగుడు వీధి మొదట్లో ఉండగానే “వాడు వస్తా ఉండాడు, బీడీ కంపు” అనేది. నేను గడప ఎక్కకముందే “చేపల ఏలంపాట పక్కగా వచ్చినావేమే?” అని అడిగేది. శుక్రవారం మాత్రం చేప పేరు ఎత్తకూడదు. పొరపాటున పక్కింటోళ్ళు వేయించినా మా ఇంట్లో కంచం జరిపేస్తుంది.

ఆ ఏడు ఎలుకల మీద పరిశోధన చేయడానికి కోయంబత్తూరు పక్కనుంచి ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో ఉండేది. నన్ను అక్కా అనేది, నేను పాపా అనేదాన్ని. మేము మాట్లాడుకున్నదంతా అరవంలోనే. ఈడ నా మాటల్లో చెప్తా ఉండాను.

“ఏం చూస్తావు పాపా ఈటిల్లో?” అని అడిగినాను మొదటి రోజు.

“ఒక ఎలుక బయట ఏమి తిని వచ్చిందో ఇంకో ఎలుకకి ఎట్లా తెలుస్తుందో చూస్తానక్కా” అంది.

చాలా సులువైన ఏర్పాటు. ఒక ఎలుకకు దాల్చినచెక్క పొడి కలిపిన మేత పెడుతుంది. అది తిన్నాక ఆకలిగా ఉన్న ఇంకో ఎలుకతో కాసేపు వదులుతుంది. రెండూ మూతులు మూతులు రాసుకుంటాయి. తర్వాత ఆకలి ఎలుక ముందు రెండు గిన్నెలు పెడుతుంది. ఒక దాంట్లో దాల్చినచెక్క మేత, ఇంకో దాంట్లో కోకో మేత. ఆ ఎలుక రెండూ ఎప్పుడూ తిని ఎరగదు. అయినా స్నేహితురాలి మూతి దగ్గర ఏ వాసన తగిలిందో ఆ గిన్నె దగ్గరికే పోతుంది. మళ్ళీ మళ్ళీ అట్లే! నేను నోరు తెరుచుకుని చూసినాను. మా వీధిలో ఆడవాళ్ళు గడపలో నిలబడి “మీ ఇంట్లో ఏం కూర?” అనుకుంటారు చూడండి, అట్లాంటిదే.

అంతా బాగానే జరుగుతా ఉండింది, శుక్రవారాలు తప్ప.

శుక్రవారం వస్తే ఎలుకలు తినవు. ఏ గిన్నే ముట్టవు. మూల చూసుకుని, చెవులు వెనక్కి పెట్టి, ఊకలో ముద్దలా కూర్చుంటాయి. వారం వారం కొత్త జతలు పెట్టినా అదే వరస. సోమవారం తిన్నవాటి అక్కాచెల్లెళ్ళు శుక్రవారం తినవు. ఆ అమ్మాయి మేత మార్చింది, గిన్నెలు మార్చింది, చేతి తొడుగులు మార్చింది. తన మీదే అనుమానం వచ్చి శుక్రవారం ఇంకొకరిని పెట్టి చూసింది. ఊహూ.

ఈ మాట బయటికి పొక్కింది. మా గేటు దగ్గర వాచ్‌మన్ అన్న ఒకడు ఉండేవాడు, పెద్ద భక్తుడు. “ఇంకేముంది! ఒక్కపొద్దు ఉంటా ఉండాయి. వినాయకుడి వాహనం కదా” అని తేల్చేసినాడు. ఆ రోజు నుంచీ శుక్రవారం యానిమల్ హౌస్ ముందు నుంచి పోతే చెప్పులు విడిచి, చెంపలు వేసుకుని పోయేవాడు. తోట పని చేసే ఆమె రెండు అరటిపళ్ళు తెచ్చి, “శనివారం పొద్దున ఒక్కపొద్దు విడిచేటప్పుడు పెట్టు” అని నా చేతిలో పెట్టింది. నిజం చెప్పొద్దూ, నేనూ సగం నమ్మినాను. నేనూ శుక్రవారం ఒక్కపొద్దే. నన్ను చూసి నేర్చుకున్నాయేమో అని లోపల కాస్త గర్వం కూడా.

ఆ అమ్మాయికి పైన ఒక మేడమ్ ఉండేది. తెల్ల జుట్టు, కాటన్ చీర, తక్కువ మాట. ఈ ఒక్కపొద్దు సంగతి ఆమె చెవిన పడింది. నవ్వలేదు. “ఎలుకకి శుక్రవారం తెలియదమ్మా. శుక్రవారం మనం ఏం చేస్తామో అది తెలుస్తుంది. అదేందో వెతకండి” అంది.

వెతికితే నేను దొరికినాను.

యానిమల్ హౌస్‌కి ఒక ఆఫీసర్ సార్ ఉండేవాడు. చెడ్డవాడు కాదు, ఆయనకు అన్నీ వరుసలో ఉండాలి. ఒక శుక్రవారం నేను బోనులు తీసుకుపోతా ఉంటే ఆగి, గాలి పీల్చి, “ఇదిగో ఇదే” అన్నాడు. నేను శుక్రవారం తలంటుకుంటాను. పసుపు పూసుకుంటాను. బుట్ట బోర్లించి, కింద సాంబ్రాణి పొగ పెట్టి, దాని మీద జుట్టు ఆరబెట్టుకుంటాను. మా అమ్మ చేసింది, మా అత్త చేసింది, నేనూ చేస్తా. పూలు మాత్రం లోపలికి తీసుకుపోకూడదని బయట మేకుకు తగిలించి, తెల్ల కోటు వేసుకునే పోయేదాన్ని. కానీ కోటు వేస్తే జుట్టు వాసన పోతుందా?

“ఈమెను తాంబరం దాటి ఉండే మన హాస్టల్ వంటకు మార్చేస్తే సమస్య తీరిపోతుంది” అన్నాడు సార్. నా ముందే అన్నాడు.

హాస్టల్ వంటంటే రాత్రి అన్నాలు అయ్యేదాకా ఉండాలి. ఆడినుంచి రాయపురం చేరేసరికి ఏ వేళవుతుందో! అత్తకు మధ్యాహ్నం అన్నం ఎవరు కలిపి పెడతారు? నా మొగుడిది ఓడ వచ్చినప్పుడు పిలిచే పని. పోనీ మానేద్దామంటే ఇల్లు నడవదు. నేను మేడమ్ మొహంలోకి చూసినాను.

“ముందు ఆమేనో కాదో తెలుసుకుందాం. మార్చేది ఆ తర్వాత” అంది మేడమ్. ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి, “అక్కా, సోమవారం నువ్వు శుక్రవారం మాదిరే రా. తలంటు, పసుపు, సాంబ్రాణి, పూలు, ఏదీ తగ్గకూడదు” అని చెప్పింది.

సోమవారం పండగలా తయారై పోయినాను. గేటు దగ్గరే వాచ్‌మన్ అన్న “ఏంటక్కా, ఇంట్లో సీమంతమా?” అన్నాడు. తోట ఆమె “సోమవారం నాడే ఇంత జోరా, సినిమా వాళ్ళెవరైనా పిలిచినారా?” అంది. కోడంబాక్కం సినిమా వాళ్ళ పేట కదా, కాస్త ముస్తాబైతే చాలు, అందరికీ ఇదే వెక్కిరింత. నేను నవ్వుతూనే లోపలికి పోయినాను. బోనులు ఎత్తినాను, జతలు మార్చినాను, గిన్నెలు పెట్టినాను, బయటికి వచ్చినాను. ఆ అమ్మాయి బోనుల మీద ఉండే కెమెరా బొమ్మ తన సెల్‌ఫోన్‌లో పెట్టి ఇద్దరం చూస్తా కూర్చున్నాం.

ఎలుకలు తినలేదు. సోమవారం! చెవులు వెనక్కి పెట్టి, మూలకు పోయి, ముద్దలా కూర్చున్నాయి.

“చూసినారా?” అన్నాడు సార్. గొంతులో గెలుపు లేదు పాపం, ఒక పని అయిపోయిందన్నట్టు అన్నాడు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేనే చేసినాను కదా ఆ ఎలుకల్ని పెద్ద. పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉంటాయి. అవి నన్ను చూసి మూలకు పోవడమా!

మేడమ్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. “సగం ప్రశ్నే అడిగినాం. ఆమె వాసన సోమవారం తెస్తే తినలేదు, సరే. ఆమె లేని శుక్రవారం తింటాయా? అది చూడకుండా ఆమెను పంపితే, రేపు ఆమె పోయినాక కూడా తినకపోతే ఎవరిని పంపుతారు?” అంది. సార్ కాస్త ఆలోచించి, సరే ఒక్క శుక్రవారం అన్నాడు. నేను లోపలికి రాకూడదు, తలంటుకోకూడదు, పసుపు సాంబ్రాణి ఏమీ వద్దు, ఉట్టి నీళ్ళతో స్నానం చేసి వచ్చి బయట కూర్చోవాలి అని ఏర్పాటు.

ఆ శుక్రవారం పొద్దున అత్తకు గంజి ఇవ్వడానికి పోయి ఆమె ముందు నిలబడినాను. గిన్నె అందుకోలేదు. మొహం పక్కకు తిప్పి, “ఎవురది?” అంది.

“నేనే అత్తా.”

“నువ్వా? తలంటుకోలేదా? సాంబ్రాణి లేదు, పసుపు లేదు. ఎవురో పరాయి మనిషి వచ్చి నిలబడినట్టుండాదే!” అంది. చెయ్యి చాచి నా మోచెయ్యి తడిమి చూసుకుని అప్పుడు గిన్నె తీసుకుంది.

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషే నన్ను వాసనతో పోల్చుకుంటా ఉంటే, ఎలుకల సంగతి చెప్పాలా అనుకున్నాను. తప్పు నాదే అయి ఉంటుంది, ఈ రోజు అవి కడుపునిండా తింటాయి, నా పని అయిపోయింది. రైల్లో దారి పొడుగునా ఇదే.

మా సంస్థ గోడకు ఆనుకుని ఒక టీ కొట్టు ఉంది. ఆడ బెంచీ మీద కూర్చున్నాను. టీ తాగినాను, రుచి తెలియలేదు. శుక్రవారం కదా, సాంబ్రాణి భాయ్ వచ్చినాడు. మద్రాసులో ఉండేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. శుక్రవారం పొద్దున నిప్పుల చట్టి పట్టుకుని, నెమలీకల కట్టతో విసురుతా కొట్టు కొట్టుకూ పొగ వేసిపోతాడు. హిందువుల కొట్టా, సాయిబుల కొట్టా అని లేదు. టీ కొట్టులో వేసినాడు, పక్కన జెరాక్సు కొట్టులో వేసినాడు. నా పక్కకు వచ్చి, “ఏమ్మా దిగులుగా ఉన్నావు? తీసుకో” అని నా మీదికీ ఒక విసురు విసిరినాడు. నేను రెండు చేతులతో పొగ తీసుకుని కళ్ళకద్దుకున్నాను. శుక్రవారం రోజు ఎవరైనా చేసే పనే.

కాసేపటికి గేటులోంచి ఆ అమ్మాయి పరిగెత్తుకుంటా వచ్చింది. చెప్పులు కూడా లేవు.

“అక్కా! తినలేదు! నువ్వు లేకపోయినా తినలేదు!”

వచ్చి నన్ను కావిలించుకుంది. రోడ్డు మీద, అందరి ముందర. ఎలుకలు తినలేదన్నందుకు నేను ఏడ్చినాను, చూడండి! నేను కాదు. వాటిని మూలకు తోసింది నేను కాదు. గుండె మీదినుంచి ఎవరో బస్తా దించినట్టయింది.

అట్లా కావిలించుకునే ఉండి ఆ అమ్మాయి ఉన్నట్టుండి కదలకుండా నిలబడింది. నా జుట్టు దగ్గర ఒకసారి, భుజం దగ్గర ఒకసారి వాసన చూసింది. అచ్చం వాళ్ళ ఎలుకల మాదిరే.

“అక్కా, తలంటుకోవద్దన్నాను కదా?”

“లేదు పాపా, ఒట్టు.”

“మరి ఈ వాసన?”

“ఇదా? ఇప్పుడే భాయ్ పొగ వేసిపోయినాడు.”

ఆమె మెల్లిగా తల పైకెత్తింది. నేనూ ఎత్తినాను. టీ కొట్టు రేకుల పైన, మా గోడలో, ఒక పెద్ద ఇనప జల్లెడ మూత. ఆ ఏడే పెట్టినారు. యానిమల్ హౌస్‌లోకి బయటి గాలి లాగే మిషన్ నోరు అది. భాయ్ వేసిపోయిన పొగ ఇంకా రేకు మీదుగా పైకి పోయి, చక్కగా దాంట్లోకి పోతా ఉంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్ని వారాలు అందరం లోపలే ఉన్నాం, ఒక్కరికీ ముక్కుకు పట్టలేదు. ఎట్లా పడుతుంది? శుక్రవారం అంటేనే సాంబ్రాణి. ఇంట్లో అదే, వీధిలో అదే, రైల్వే స్టేషన్ ముందు పూల కొట్టులో అదే. మా ముక్కులకు అది వాసనే కాదు, అది శుక్రవారం. సోమవారం దాన్ని నేను జుట్టులో మోసుకుపోయినాను, శుక్రవారం ఆ మిషన్ మోసుకుపోతా ఉంది. అందుకే నేను ఉన్నా తినలేదు, లేకపోయినా తినలేదు.

నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. వీళ్ళ పద్ధతి మీకు చెప్పాలి. కారణం దొరికినంత మాత్రాన వీళ్ళు సంతోషపడరు, దాన్ని మళ్ళీ నిలబెట్టి ప్రశ్నలు వేస్తారు. తర్వాతి శుక్రవారం నేను మళ్ళీ సాంబ్రాణి లేకుండా బయటే ఉన్నాను, భాయ్‌ని బతిమాలి ఆ రెండు కొట్లకు మధ్యాహ్నం రమ్మన్నాం. పొద్దున ఎలుకలు శుభ్రంగా తిన్నాయి. వాచ్‌మన్ అన్న మొహం వాడిపోయింది. “అయితే ఒక్కపొద్దు లేదా?” అన్నాడు. లేదన్నా అన్నాను. “ఎందుకైనా మంచిది” అని చెంపలు మాత్రం వేసుకున్నాడు.

ఆఫీసర్ సార్ ఇంకా ఊగుతానే ఉన్నాడు. “ఒక శుక్రవారం తిన్నాయి, సరే. అనుకోకుండా తిన్నాయేమో?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ మేడమ్ ఆయన వైపే తల ఊపింది. “సార్ అడిగింది న్యాయం. శుక్రవారంతో సంబంధం లేని రోజు పొగ వేసి చూద్దాం” అంది.

బుధవారం పెట్టుకున్నాం. భాయ్ చట్టి పట్టుకుని వచ్చి, అటూ ఇటూ చూసి, “ఈ రోజు బుధవారం కదమ్మా, ఏ సామికి?” అన్నాడు.

“ఎలుకలకి భాయ్.”

ఆయన నన్ను ఒకసారి, పక్కన నిలబడిన మేడమ్‌ని ఒకసారి చూసినాడు. ఇంత చదువుకున్న మనిషి ఊరికే చెప్పదులే అనుకున్నాడేమో, శుక్రవారం వేసినంతే శ్రద్ధగా వేసినాడు. నేను మళ్ళీ లోపలికి పోలేదు, ఆ బెంచీ మీదే. ఆ అమ్మాయి లోపల ఉంది. మేడమ్ తన ఫోన్‌లో కెమెరా బొమ్మ పెట్టి నా పక్కన కూర్చుంది. సార్ వెనక నిలబడి వంగి చూస్తా ఉన్నాడు. భాయ్ కూడా పోకుండా చట్టి కింద పెట్టి నిలబడినాడు. టీ మాస్టర్ గ్లాసు కడగడం ఆపినాడు.

జత విడదీసినారు. ఆకలి ఎలుక ముందు రెండు గిన్నెలు పెట్టినారు. అది ముందుకు వచ్చింది. ముక్కు ఎత్తింది. గిన్నె అంచు దాకా పోయింది. మొదట చెప్పినాను చూడండి, ఆ మొక్కు అప్పుడే. వాటిని తినమని బతిమాలడమే జీతంగా బతికిన దాన్ని, తినొద్దని మొక్కుకున్నాను. తినిందంటే తప్పు మళ్ళీ నా నెత్తికే వస్తుంది.

అది ఆగింది. చెవులు వెనక్కి పోయినాయి. వెనక్కి తిరిగి, మూలకు పోయి, ముద్దలా కూర్చుంది. తర్వాతది కూడా. దాని తర్వాతది కూడా.

“చాలు” అన్నాడు సార్ వెనకనుంచి. “హాస్టల్‌కి ఇంకెవరినైనా చూసుకుంటాను. ముందు ఆ మిషన్ నోరు ఇంకో గోడకు మార్చాలి.” పోతా పోతా నా దగ్గర ఆగి, “పనిరోజుల్లో జుట్టుకు పొగ వద్దమ్మా” అన్నాడు. సరే సార్ అన్నాను. ఆయన ఆ నిమిషం జుట్టే వద్దన్నా సరేననేదాన్ని.

“ఇన్నేళ్ళుగా వేస్తా ఉండాను, దీనికి ఎలుకలు తిండి మానేస్తాయని ఒక్కరూ చెప్పలేదే! ఇంత గొప్పదని తెలిసుంటే కొట్టోళ్ళ దగ్గర కాస్త బిగించి అడిగుంటాను కదా” అని భాయ్ చట్టి ఎత్తుకున్నాడు. మేడమ్ నవ్వడం ఆ రోజే మొదటిసారి చూసినాను.

ఆ అమ్మాయి బయటికి వచ్చినాక అడిగినాను, “పొగకు భయపడినాయా పాపా?”

“అది ఇంకా తెలియదక్కా. భయపడినాయో, పొగ వల్ల తోటి ఎలుక మూతి వాసన అందలేదో. రెండూ వేరు వేరు. అది మళ్ళీ చూడాలి” అంది. కళ్ళకు నిద్ర చాలలేదు కానీ మొహం వెలిగిపోతా ఉంది. ఇంత చూసినాక కూడా తెలియదని అంత సంతోషంగా చెప్పే మనుషులను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ రోజు రైల్లో కూర్చోడానికి చోటు దొరికింది. దొరక్కపోయినా నిలబడి ఎగురుతా పోయుంటాను. దిగినాక మార్కెట్లో మంచి వంజరం చేప ముక్కలు తీసుకున్నాను. అత్తకు ప్రాణం అది. ఇంటికి పోయి, పులుసు పెట్టి, అన్నం కలిపి, కంచం ఆమె ఒళ్ళో పెట్టినాను. ఈ కబురంతా తింటా ఉండగా చెప్పాలని పక్కనే కూర్చున్నాను.

ఆమె ముద్ద ఎత్తింది. నోటి దాకా తీసుకుపోయి ఆపింది. ముక్కు నా వైపు తిప్పింది. పొద్దున్నంతా ఆ బెంచీ మీద భాయ్ పొగలో కూర్చున్నాను కదా, చీరంతా పట్టేసి ఉంది.

“సాంబ్రాణి! ఈ రోజు శుక్రవారం కదటే?” అంది. ముద్ద కంచంలో పడేసింది. “శుక్రవారం పూట నాకు చేప పెడతావా! నీకేమన్నా మతి పోయిందా?” అని కంచం పక్కకు నెట్టి, గోడ మూలకు జరిగి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని ముద్దలా కూర్చుంది.

“బుధవారం అత్తా! ఒట్టు, బుధవారం!” అంటా ఉన్నాను, నవ్వు ఆగడం లేదు. ఆమె నమ్మలేదు. లేచి, ఉట్టి నీళ్ళు నెత్తిన పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి మళ్ళీ ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు తినింది. రెండోసారి పులుసు కూడా అడిగింది.